ఇంట్లో తోడు గిన్నె – అంగట్లో ప్రోబయాటిక్ బిళ్ళ

(సహకార వారోత్సవాల సందర్భంగా పాల ఉత్పత్తిదారుల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇనస్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఇనస్పెక్టరు మైకు ముందుకు వచ్చాడంటే బకాయిలు, రిజిస్టర్లు, మహాజన సభ తీర్మానాలు తప్ప మరొకటి మాట్లాడడని మీకు తెలుసు. ఆ విషయాలు మధ్యాహ్నం తరగతిలో ఎలాగూ ఉన్నాయి. ఇప్పుడు మాత్రం పేగుల ఆరోగ్యాన్ని గురించి, దాని పేరున మనం పెడుతున్న ఖర్చును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. నేను డాక్టరును కాను. పాడి డిప్లొమా చదివి, ముప్పయ్యేళ్ళుగా పాల కేంద్రాల గుమ్మాలు ఎక్కి దిగుతున్నవాణ్ణి. రోగానికి మందు నేను చెప్పను. పాలు, పెరుగు, లెక్క – ఈ మూడింటి గురించే చెబుతాను.

ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నానంటే, ఈమధ్య పల్లెల్లో ఒక చిత్రమైన పరిస్థితి కనిపిస్తోంది. పూటకు ఎనిమిది లీటర్లు పోసే సభ్యుని ఇంట్లో తోడు గిన్నె బోర్లించి ఉంటుంది. ఇంటికి చుట్టం వస్తే పెరుగు ప్యాకెట్టు కోసం కుర్రవాణ్ణి దుకాణానికి పంపుతారు. అదే ఇంటి గూట్లో మాత్రం "పేగులకు మంచిది" అని ఎవరో చెప్పగా కొన్న బిళ్ళల సీసా ఉంటుంది. ఒక ఊళ్ళో పెద్దావిడ నన్నే నిలదీసి అడిగింది: "ఏమయ్యా ఇనస్పెక్టరుగారూ, మా గేదె పాలల్లో లేనిది ఆ బిళ్ళలో ఏముందయ్యా?" అని. న్యాయమైన ప్రశ్న. దానికి ఓపికగా సమాధానం చెప్పుకుందాం.

ప్రోబయాటిక్ అంటే ఏమిటి?

మన పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. మనం అరిగించుకోలేని పీచు పదార్థాన్ని అవి పులియబెట్టి, పేగు గోడకు బలమిచ్చే ఆమ్లాలను తయారు చేస్తాయి. చెడ్డ క్రిములకు చోటు దొరకకుండా చూస్తాయి. ఇలాంటి మేలు చేసే సూక్ష్మజీవులను బయటి నుండి ఇవ్వవచ్చునన్న ఆలోచన కొత్తది కాదు. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన ఏలీ మెచ్నికాఫ్ అనే శాస్త్రవేత్త, బల్గేరియా రైతులు దీర్ఘాయువుతో ఉండటానికి వారు తాగే పులిసిన పాలే కారణమని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రతిపాదించాడు. ఆయనకు 1908లో నోబెల్ బహుమానం వచ్చింది గాని, అది రోగనిరోధక శక్తి మీద చేసిన పరిశోధనకు, పెరుగుకు కాదు. బల్గేరియా పెరుగులోని సూక్ష్మజీవి మన పేగుల్లో స్థిరంగా నిలవదని తరువాతి పరిశోధకులు తేల్చారు. జపానులో మినోరు షిరోటా అనే డాక్టరు 1930లో, కడుపులోని ఆమ్లాన్ని తట్టుకుని పేగుల దాకా ప్రాణంతో చేరే ఒక రకాన్ని వేరు చేశాడు. 1935 నుండి అది చిన్న సీసాల్లో పాలపానీయంగా అమ్మకానికి వచ్చింది. యాకుల్ట్ అనే పేరుతో ఇప్పుడు మన పట్టణాల్లోనూ దొరుకుతున్నది అదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 2001లో ఏర్పరచిన నిపుణుల సంఘం దీనికి ఒక నిర్వచనం ఇచ్చింది. దాని సారాంశమేమనగా: సూక్ష్మజీవి ప్రాణంతో ఉండాలి, తగినంత సంఖ్యలో ఉండాలి, తీసుకున్నవారికి మేలు చేస్తుందని రుజువు ఉండాలి. ఈ మూడు షరతులనూ గుర్తు పెట్టుకోండి. ఇక ముందు చెప్పబోయే ప్రతి వస్తువునూ వీటితోనే తూకం వేద్దాం.

మన పెరుగు సంగతేమిటి?

పెరుగులో సూక్ష్మజీవులు ప్రాణంతో ఉంటాయి. మొదటి షరతు నెగ్గింది. సంఖ్య విషయానికి వస్తే, పులియబెట్టిన పాల పదార్థంలో గ్రాముకు కోటికి తక్కువ కాకుండా తోడు సూక్ష్మజీవులు ఉండాలని అంతర్జాతీయ ఆహార ప్రమాణం చెబుతోంది. ఆ లెక్కన వంద గ్రాముల పెరుగులో వంద కోట్లు. ప్రోబయాటిక్ అని పేరు పెట్టి అమ్మే ఆహారంలో, రోజుకు తీసుకొమ్మన్న మోతాదులో కనీసం పది కోట్లు ఉండాలని మన దేశపు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన. కాబట్టి సంఖ్యలోనూ మన పెరుగు చిన్నబోదు.

మూడవ షరతు దగ్గరే జాగ్రత్తగా మాట్లాడాలి. ఇంటి తోడులో ఏ రకం సూక్ష్మజీవి ఎంత ఉన్నదో ఇంటింటికీ, ఋతువు ఋతువుకూ మారుతుంది. వాటిలో చాలా భాగం కడుపులోని ఆమ్లానికి చచ్చిపోతాయి. అందుచేత శాస్త్రం ఒప్పుకున్న అర్థంలో ఇంటి పెరుగును "ప్రోబయాటిక్" అనడానికి వీల్లేదు. మన సంఘాలవారు ఎవరైనా పెరుగు అమ్ముతూ బోర్డు మీద ఆ మాట రాస్తే అది తప్పవుతుంది. అయితే పెరుగుకు రుజువైన మేలు వేరే ఉంది. పాలలోని చక్కెర అరగక కడుపు ఉబ్బరం, విరేచనాలు అయ్యేవారు పెద్దల్లో చాలామంది ఉన్నారు. ప్రాణమున్న పెరుగు సూక్ష్మజీవులు ఆ చక్కెరను అరిగించడానికి తోడ్పడతాయని 2010లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ కూడా అంగీకరించింది. "పాలు పడవు, పెరుగు పడుతుంది" అని మన పెద్దవాళ్ళు చెప్పే మాట ఇదే.

పైగా పెరుగు వట్టి సూక్ష్మజీవుల మూట కాదు, ఆహారం. అర లీటరు గేదె పాలు తోడేస్తే సుమారు 18 గ్రాముల మాంసకృత్తులు, 600 మిల్లీగ్రాములకు తగ్గకుండా కాల్షియం ఇంట్లో మిగులుతాయి. ఏ బిళ్ళలోనూ ఇవి లేవు. పెద్దావిడ అడిగిన ప్రశ్నకు సగం సమాధానం ఇది.

బిళ్ళలు ఎప్పుడు, ఎవరికి?

మిగతా సగం సమాధానం ఏమంటే, కొన్ని సందర్భాలలో డాక్టర్లు ఈ బిళ్ళలను, పొడులను ఇస్తారు. యాంటీబయాటిక్ మందులు వాడినప్పుడు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు కూడా చచ్చి విరేచనాలు పట్టుకోవచ్చు. అలాంటప్పుడు కొన్ని నిర్దిష్టమైన రకాలు ఉపయోగపడతాయని ఆధారాలున్నాయి. వాటిలో సాకరోమైసిస్ బౌలార్డీ అనేది ఒకటి. అది బాక్టీరియా కాదు, ఈస్టు జాతిది. అందుచేత యాంటీబయాటిక్ దాన్ని చంపదు. బాక్టీరియా రకమైతే యాంటీబయాటిక్ వేసుకున్న తరువాత రెండు గంటలు ఎడం ఇవ్వడం మంచిది.

ఒడిశా పల్లెల్లో నాలుగున్నర వేలకు పైగా నవజాత శిశువులకు ఒక ఎన్నిక చేసిన లాక్టోబాసిల్లస్ రకాన్ని, దానికి మేతగా ఒక పీచు చక్కెరను కలిపి ఏడు రోజులు ఇచ్చి చూశారు. రక్తం విషమించే జబ్బు, మరణం – రెండూ కలిపి తొమ్మిది శాతం నుండి అయిదున్నర శాతానికి దిగాయని 2017లో ప్రకటించారు. చూడండి, సరైన రకం, సరైన సమయం, చవకైన మందు కలిస్తే ఎంత మేలు! కాని ఇదే విషయంలో రెండో వైపు కూడా వినాలి. అమెరికాలో ఒకటి, కెనడాలో ఒకటి, ఒక్కొక్కదానిలో ఎనిమిది వందలకు పైగా పిల్లలతో జరిగిన రెండు పరీక్షల ఫలితాలు 2018లో వెలువడ్డాయి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న పిల్లలకు పేరున్న ప్రోబయాటిక్‌లే ఇచ్చారు. ఇవ్వని పిల్లలకూ వీరికీ తేడా కనబడలేదు. కాబట్టి "ప్రోబయాటిక్ మంచిదా, చెడ్డదా" అని అడగకూడదు. "ఏ రకం, ఏ జబ్బుకు, ఎవరికి" అని అడగాలి.

ఇక్కడ తల్లులందరికీ ఒక మనవి. పిల్లవాడికి విరేచనాలు పట్టుకుంటే మొదట కావలసింది ప్రోబయాటిక్ కాదు. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టును, దాని మీద రాసినన్ని నీళ్ళలో – కాచి చల్లార్చిన నీళ్ళలో – కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు 14 రోజులు, అంతకు చిన్నవారికి 10 మిల్లీగ్రాములు. తల్లిపాలు ఆపకూడదు. పండ్ల రుచితో అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి పానీయాలు ఓ.ఆర్.ఎస్. కావు. సరైన పాళ్ళు లేని పానీయాల మీద ఆ పేరు వాడరాదని 2025లో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది కూడా. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలే ఆహారం, పెరుగు కూడా వద్దు. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు, కాన్సర్ చికిత్సలో ఉన్నవారికి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి డాక్టరు చెప్పకుండా ఈ బిళ్ళలు వేయరాదు. వారికి మంచి సూక్ష్మజీవి కూడా రక్తంలో చేరి ప్రమాదం తేవచ్చు. మలంలో రక్తం, బరువు తగ్గడం, జ్వరం ఉంటే బిళ్ళలతో కాలక్షేపం చేయక ఆస్పత్రికి వెళ్ళాలి.

చీటీ చదివి కొనండి

డాక్టరు రాసినా, మీకై మీరు కొన్నా, సీసా మీది చీటీలో ఈ అయిదు సంగతులు చూడండి.

ఒకటి, సూక్ష్మజీవి పూర్తి పేరు ఉండాలి. ఇంటిపేరు, సొంత పేరు ఉన్నట్లే దానికి జాతి, ఉపజాతి, ఆ పైన రకాన్ని తెలిపే అక్షరాలు లేదా అంకెలు ఉంటాయి. వట్టి "లాక్టోబాసిల్లస్" అని ఉంటే "మా ఊరి రైతు" అన్నట్లే, ఏ రైతో తెలియదు. 2020లో ఈ జాతిని విడదీసి కొన్నిటికి కొత్త పేర్లు పెట్టారు కనుక పాత పేరు, కొత్త పేరు రెండూ కనిపించవచ్చు, కంగారు పడనక్కరలేదు.

రెండు, సంఖ్య. తయారైన నాటి సంఖ్య కాదు, గడువు తీరే నాటికి ఎన్ని మిగులుతాయో ఆ సంఖ్య కావాలి. అంకె పెద్దదైనంత మాత్రాన మందు గొప్పది కాదు. పరీక్షలో ఏ మోతాదు పనిచేసిందో అదే మోతాదు.

మూడు, నిలవ. చల్లగా ఉంచమని రాసిన సీసా ఎండలో, దుకాణం అద్దాల బీరువాలో నెలల తరబడి ఉంటే అందులో మిగిలేది సూక్ష్మజీవుల శవాలే. పాలను చల్లబరచడం విలువ మీకు నేను చెప్పాలా!

నాలుగు, చక్కెర. పేగుల పేరు చెప్పి తియ్యటి పానీయం అంటగట్టేవారున్నారు. మధుమేహం ఉన్నవారు మరీ జాగ్రత్తగా చూడాలి.

అయిదు, గడువు తేదీ, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు. అయితే బిళ్ళ మందుగా అమ్మేదైతే దాని మీద మందుల లైసెన్సు నంబరు ఉంటుంది.

పెరుగు, మజ్జిగ ప్యాకెట్లకు కూడా ఒక మాట. కొన్ని మజ్జిగ పెట్టెలు ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి నిలవ ఉంటాయి. అవి పులిసిన తరువాత మళ్ళీ వేడి చేసినవి. దాహానికి మంచివే గాని వాటిలో ప్రాణమున్న సూక్ష్మజీవులు ఉండవు. మన ఇంట్లోని మజ్జిగ పులుసు, మజ్జిగ చారు కూడా అంతే. దద్దోజనంలో పోపు మసలుతుండగా పోయక, కాస్త ఆరనిచ్చి కలపండి.

మేత లేని పశువు పాలివ్వదు

సూక్ష్మజీవులను మింగినంత మాత్రాన సరిపోదు. వాటికి మేత వేయాలి. ఆ మేత పీచు పదార్థం. కంది, పెసర, శనగ, అలసంద వంటి పప్పుధాన్యాలు, జొన్న, రాగి, ఉల్లి, వెల్లుల్లి, అరటి, ఆకుకూరలు – ఇవి మన చేలల్లో పండేవే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలలో, రోజుకు రెండు వేల కాలరీల భోజనంలో 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు ఉండాలని సూచించారు. మలబద్ధకం ఉన్నవారు బిళ్ళ కొనే ముందు నెల రోజులు ఈ మేత వేసి, నీళ్ళు తగినన్ని తాగి చూడవచ్చు. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, కొంచెం కొంచెంగా పెంచాలి.

చద్దన్నం, తరవాణి, రాగి అంబలి మన ఆస్తి. అన్నం ఆరితే అందులోని పిండి పదార్థంలో కొంత భాగం అరగని పిండిగా మారి పేగు సూక్ష్మజీవులకు మేత అవుతుంది. అయితే వండిన అన్నాన్ని గోరువెచ్చగా గంటల తరబడి వదలకూడదు. విషం పుట్టించే క్రిమి ఒకటి అందులో పెరుగుతుంది, మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. అన్నం త్వరగా ఆర్చి, మంచినీళ్ళు, మజ్జిగ పోసి మూత పెట్టాలి. ఊరగాయల మాట అడుగుతారేమో! ఆవకాయ రుచికే తప్ప దీనికి పనికిరాదు. అందులో ఉన్నది ఉప్పు, నూనె, కారం.

తోడు పెట్టే పద్ధతి

పచ్చి పాలు తోడు పెట్టవద్దు. పశువుల నుండి మాల్టా జ్వరం వంటివి పచ్చి పాల ద్వారా వస్తాయి, కాచి తీరాలి. దాలిలో కాగిన పాలైనా, గ్యాసు మీద కాగిన పాలైనా ఒకటే. చిటికెన వేలు పెడితే గోరువెచ్చగా తగలాలి. అర లీటరుకు ఒక చిన్న చెంచా తోడు – కొన్ని ప్రాంతాల్లో చేమిరి అంటారు – కలిపి ఆరేడు గంటలు కదపకుండా ఉంచాలి. చలికాలంలో గుడ్డ చుట్టండి. తోడుకోగానే చల్లటి చోటికి మార్చండి. తీగ సాగినా, రంగు మారినా, వాసన వేసినా ఆ తోడు పారబోసి, మంచి పెరుగు అమరిన పొరుగింటి నుండి కొత్తది తెచ్చుకోవాలి. మజ్జిగలో పోసే నీళ్ళు కాచినవో, శుద్ధి చేసినవో కావాలి. చెడ్డ నీళ్ళు పోస్తే పెరుగు చేసిన మేలంతా మునిగిపోతుంది.

లెక్క చూద్దాం

నేను లెక్కల మనిషిని కనుక లెక్క చెప్పకుండా ఉండలేను. ధరలు ఊరికో తీరు గనుక ఇవి ఉదాహరణకు అనుకున్నవే. సంఘం లీటరుకు 45 రూపాయలు ఇస్తున్నదనుకోండి. నలుగురున్న ఇంటికి రోజూ అర లీటరు ఆపితే నెలకు 675 రూపాయల రాబడి తగ్గుతుంది. ఆపకుండా అర కిలో ప్యాకెట్టు పెరుగు 35 రూపాయలకు కొంటే నెలకు 1,050. పెరుగు మాని నలుగురికీ రోజుకొక బిళ్ళ, 15 రూపాయల చొప్పున కొంటే నెలకు 1,800. ఆరోగ్యంగా ఉన్న ఇంటికి రోజువారీ బిళ్ళల అవసరం ఉన్నదని రుజువు లేదు. ఇక ఏది లాభమో మీ కార్యదర్శి కాగితం లేకుండానే చెప్పగలడు.

పాల సేకరణ పెంచమని చెప్పవలసిన ఉద్యోగి అర లీటరు ఇంట్లో ఆపమంటాడేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. సభ్యుని పిల్లలు నీరసంగా ఉంటే సంఘం బలంగా ఉండదు. పాలు అమ్ముకోవడానికి సంఘం పెట్టుకున్నాం గాని, పాలు మరచిపోవడానికి కాదు.

సంఘాలు చేయవలసిన పని

చివరగా అసలు విషయానికి వస్తున్నాను. "పాలు తోడుకోవడం లేదు" అని పట్టణంలో వినియోగదారు ఫిర్యాదు చేస్తే మనం చలి మీదా, తోడు మీదా తోసేస్తాం. ఒక్కొక్కసారి అది నిజమే. కాని పొదుగు వాపు వచ్చిన పశువుకు యాంటీబయాటిక్ ఇచ్చి, ఆ పాలు క్యానులో పోసినా తోడుకోదు. పులుపు తెలియకుండా సోడా కలిపినా సరిగా తోడుకోదు. మందు అవశేషమున్న పాలు తోడు సూక్ష్మజీవులను చంపుతాయి. తాగినవారికీ మంచిది కాదు, మందులకు లొంగని క్రిములు పెరగడానికీ దారి తీస్తుంది. ఒకవైపు పేగుల కోసం బిళ్ళలు మింగుతూ, మరొకవైపు మన పాల ద్వారా పక్కింటివాని పేగుల్లోకి యాంటీబయాటిక్ పంపడం ఏం ధర్మం?

పశువైద్యుడు చెప్పిన గడువు, మందు చీటీ మీది గడువు దాటే వరకు ఆ పశువు పాలు కేంద్రానికి రాకూడదు. మందును బట్టి అది మూడు రోజులు కావచ్చు, అంతకు ఎక్కువా కావచ్చు. ఒక్క చన్నుకే ట్యూబు ఎక్కించినా నాలుగు చన్నుల పాలూ ఆపాలి. ఆ పాలు ఇంట్లోనూ వాడరాదు.

ఇందులో ఒక చిక్కుంది. నిజం చెప్పిన సభ్యుడు మూడు నాలుగు రోజుల డబ్బు పోగొట్టుకుంటాడు. దాచినవాడు పూర్తి డబ్బు తీసుకుంటాడు. ఈ అన్యాయం ఉన్నంత కాలం ఉపన్యాసాల వల్ల ప్రయోజనం లేదు. కాబట్టి ప్రతి సంఘం రాబోయే మహాజన సభలో మూడు విషయాలు చర్చకు పెట్టాలని నా సూచన. కేంద్రంలో చికిత్స పశువుల రిజిస్టరు ఒకటి తెరవాలి. ముందుగా చెప్పి పాలు ఆపిన సభ్యునికి, బైలాలు అనుమతించిన మేరకు, సంఘం నిధి నుండి కొంత పరిహారం ఇవ్వాలి. అనుమానం వచ్చిన పాలను విడిగా ఒక గిన్నెలో తోడేసి చూసే అలవాటు చేసుకోవాలి. ఇది ప్రయోగశాల పరీక్షకు బదులు కాదు గాని, ఖర్చు లేని హెచ్చరిక.

పెద్దావిడకు నేను చెప్పిన జవాబు ఇదే: "అమ్మా, ఆ బిళ్ళ కొన్ని రోగాలకు, కొందరికి, కొన్నాళ్ళు. మీ పెరుగు అందరికీ, ఏడాది పొడుగునా. కాకపోతే పాలు శుభ్రంగా ఉండాలి, ఇంట్లో కాసిన్ని మిగలాలి." ఆ రెండు పనులూ మన చేతిలో ఉన్నవే. రేపటి సాయంత్రం పాలు పోయడానికి వెళ్ళేముందు, ఒక గిన్నె ఇంట్లో ఉంచి బయలుదేరండి.